పాటకున్న నోరు

అర్ధవీడు,
1949 జులై 7.

ప్రియమైన అన్నకు,

చెల్లెలు ఎలీషబా వందనాలు. అందరం క్షేమమని రాయబోయి ఆగినాను. అమ్మా నేనూ బాగున్నాం. పక్షవాతం వచ్చిన కాడి నుంచి నాయన కుడి చెయ్యి లేవలేదు. మాటా రాలేదు.

కానీ పాట వచ్చింది. పోయిన ఆదివారం గుడిలో కీర్తన మొదలుపెట్టగానే నాయన అందుకున్నాడు. ఒక్క మాట పొల్లుపోకుండా చివరి చరణం దాకా పాడినాడు. సంతోషమ్మ అత్త కళ్లు తుడుచుకుంది. నేనూ సంతోషపడినాను. అదే మాకు చేటయింది.

ఆరాధన చివర, గుడి నడిపే ఉపదేశిగా నాయనే దీవెన చెప్పాలి కదా. నాయన నోరు తెరిచి అట్లే నిలబడిపోయినాడు. గుడిలో ఎవరెక్కడ కూర్చోవాలన్న దాని మీద, జబ్బుకు ముందు ఈస్టరునాడు ఆయనకూ సంఘపెద్ద గిద్యోను మామకూ మాటామాటా వచ్చింది. ఆ కోపంతోనే దీవెన మింగేసినాడని మామ అనుకున్నాడు. "పాటకుండే నోరు దీవెనకు లేదా, ఉపదేశీ?" అన్నాడు అందరి ముందర.

మరునాడు మామ ఇంటికి పోయి, నాయనకు మాట పోయినప్పుడు నువ్వు ఉత్తరంలో రాసింది చెప్పినాను. విలాయతులో మెదడు డాక్టర్లూ లెక్కల యంత్రాలు కట్టేవాళ్లూ కలిసి ఆలోచిస్తున్నారనీ, యంత్రంలో ఒక తీగ తెగితే ఒక పని ఆగి తక్కినవి నడిచినట్టు, మెదడులోనూ మాట ఒకచోట, పాట ఒకచోట ఉండవచ్చనీ. నాకు కాన్వెంటులో బాగానే నేర్పినారన్నాడు మామ. తర్వాత, "అయితే మీ నాయన ఇప్పుడు యంత్రమా, అమ్మాయీ? ఏమీ తెలియకనే పాడతాండాడా?" అని అడిగినాడు.

ఎగతాళి కాదన్నా. నిజంగానే అడిగినాడు. అప్పటి నుంచి నాయన పాడుతుంటే పాట వినలేకపోతున్నాను. ఆయన కళ్లే చూస్తున్నాను.

నెలాఖరు ఆదివారం పెద్దలు కూర్చుంటారు. అలిగినాడని అయినా, తెలివి పోయిందని అయినా ఆయనను ఉపదేశి పనిలోంచి తీసేస్తారు. ముప్పై ఏళ్లు ఆ గుడే ఆయన లోకం. పరీక్షలయ్యేదాకా నిన్ను రావద్దని అమ్మ రాయించింది, తెలుసు. కానీ డాక్టరు చదువు చదివేవాడివి, నువ్వు చెబితే వింటారు. కంభంలో రైలు దిగు, బండి పంపుతాం.

నీ చెల్లెలు,
ఎలీషబా

తా.క. ఈ ఉత్తరం నాయనకు చదివి వినిపించినాను. చాలాసేపు పెదవులు కదిపినాడు. తర్వాత ఆదివారం నాటి కీర్తన రాగంలో, మెల్లగా, "నా పెద్దోణ్ణి పిలవొద్దు, నన్నిట్ల చూడనీయొద్దు" అని పాడినాడు.

కీర్తనలో ఆ మాటలు లేవన్నా.

అయినా ఉత్తరం వేస్తున్నాను. రా.