సెల్వరాజ్ కచేరీకి రెండు టికెట్లు

చిత్తూరు,
9-1-1977

ఒరే మునికృష్ణా,

నువ్వు పంపిన గిటారు తీగలు అందాయి. అవి తీగలు కావు, బట్టలారేసుకునే తాళ్లు. ఇది మూడో సెట్టు. బిగించి మీటితే చెక్క మీద కొట్టినట్టుంది, మొదటి తీగ మరీ ఘోరం. నాలుగేళ్లుగా నువ్వు మద్రాసులో కలంకారీ గుడ్డలు దించి వస్తూ తెచ్చే తీగలే వేస్తున్నాను, ఎన్నడూ ఇట్లా లేదు. నిజం చెప్పు, చౌక సరుకు కొని మిగిలిన దానితో సినిమా చూశావా? మూడు సెట్లూ తిప్పి పంపుతున్నాను. ఆ కొట్టువాడి మొహాన కొట్టు.

ఒంట్లో ఎలా ఉందని అడిగావు. దగ్గు తగ్గింది. టీబీ అని తేలినప్పటి నుంచి రోజుకో సూది పొడుస్తూనే ఉన్నారు. నలభై అయ్యాయి, ఇంకా ఎనభై. ఆర్కెస్ట్రా వాళ్లు ఒళ్లు బాగయ్యాక రమ్మన్నారు. నా చోట ఎవడో అకార్డియన్ వాయిస్తున్నాడట, వాడి బొంద.

సెల్వరాజ్ కొత్త గిటారు ఎల్పీ వచ్చింది, తెలుసా? బజారులో రేడియో షాపు ముందు వారంగా రోజూ నిలబడి రెండు వైపులా వింటున్నాను. రెండో వైపు మూడో పాటలో చిటికెనవేలితో పైకి పాకి పట్టే పట్టు ఉంది చూడు, నీ ఫెర్నాండెజ్ జన్మలో పట్టలేడు. వాడు ఒళ్లో పెట్టుకుని ఇనుప కడ్డీ జారుస్తూ మూలిగించేదే నీకు గిటారు. సరే, నీ ఖర్మ. రికార్డింగు మాత్రం ఎందుకో మసకగా ఉంది. కంపెనీవాళ్లూ నీలాగే పీనాసులయ్యారేమో.

మంచి తీగలు పంపేదాకా నీతో మాటల్లేవు.

కోపంతో,
జయరావు

*

చిత్తూరు,
27-2-1977

ప్రియమైన మునికృష్ణకు,

నీ కార్డు చదివి రెండు వారాలైంది. తీగలు మార్చమని అడిగితే కొట్టాయన నిన్ను దొంగలా చూశాడనీ, ఇక ఆ కొట్టు గడప తొక్కననీ రాశావు. నా గురించి ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

తీగలు మంచివే. మూడు సెట్లూ మంచివే. పోయింది నా చెవులు.

ఎలా తెలిసిందో చెబుతాను. రెండు వారాల కిందట ఒక పొద్దున మా అమ్మ పోపు పెడుతుంటే పొయ్యి పక్కన కూర్చున్నాను. నూనెలో ఆవాలు ఎగురుతున్నాయి. చప్పుడు లేదు. ఇంకా కాగలేదా అమ్మా అన్నాను. అమ్మ నా వైపు వింతగా చూసి, మాడిపోతున్నాయి కదా అంది. వెంటనే లేచి గిటారు తీసి మొదటి తీగ మీటాను. ఇన్నాళ్లూ తీగలో మెరుపు చచ్చిందనుకున్నాను. గిటారు వాయించేవాడికి గిటారు బాగా మోగకపోతే తీగల మీదే అనుమానం వస్తుంది, తన తల మీద రాదు. సెల్వరాజ్ రికార్డు మసకగా ఉందని కంపెనీని కూడా తిట్టాను చూడు.

డాక్టరుగారిని అడిగితే దాచలేదు. ఆ సూదిమందు కొందరికి చెవుల నరం తినేస్తుందట. చెవిలో రాత్రింబవళ్లు కీచురాయి కూస్తున్నట్టుండడం, నడిస్తే తూలడం, అన్నీ దాని వల్లే. చర్చిలో తూలితే నేను తాగుడు మొదలెట్టానని మా సంఘం వాళ్లు చెవులు కొరుక్కున్నారు. మందు కొనసాగిస్తే వినికిడి మొత్తం పోవచ్చు, ఆపితే రోగం తిరగబడుతుంది. వేరే మందు ఉందట గానీ ఈ ఊళ్లో దొరకదు, మాలాంటి వాళ్లం ఏడాది పొడుగునా కొనలేం.

ఇక ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. పదకొండు రోజులుగా నేను సూది వేయించుకోవడం లేదు. పొద్దున ఎనిమిదింటికి నాయన సైకిల్ మీద తెచ్చి ఆస్పత్రి గేటు దగ్గర దింపి గోడలు కట్టే బేల్దారి పనికి పోతాడు. ఆయన మలుపు తిరిగేదాకా చేయి ఊపి, నేను బస్టాండుకు పోయి గంటసేపు కూర్చుని ఇంటికి వస్తాను. పోయిన బుధవారం గుడ్డలో రక్తం పడింది. కొళాయి దగ్గర నేనే ఉతుక్కున్నాను.

ఏప్రిల్ ఇరవై నాలుగున తిరుపతిలో సెల్వరాజ్ కచేరీ. గోడల మీద కాగితాలు నువ్వూ చూసే ఉంటావు. నాకు మిగిలిన ఈ సగం చెవులు ఆ రోజుదాకా నిలబడాలి. ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కసారి వినాలి. తర్వాత సూదులు మళ్లీ మొదలుపెడతాను, అప్పటికి ఆలస్యమైపోతే పోనీ. చెవిటివాడిగా అరవై ఏళ్లు బతికి నేనేం చేయాలిరా? నాకు ఇంకో పని రాదు. ఇంకో పని వద్దు కూడా.

రెండు టికెట్లు కొను. ఈ ఉత్తరం చింపెయ్. మా నాయనకు తెలిస్తే మన స్నేహం అంతటితో సరి.

నీ మీద అనుమానపడ్డందుకు సిగ్గుపడుతున్నాను.

నీ,
జయరావు

*

శ్రీకాళహస్తి,
4-3-1977

జయరావుకు,

ఈ ఉత్తరం చేరేసరికి నీకు అంతా తెలిసిపోయి ఉంటుంది. నిన్న చిత్తూరు వచ్చాను. మీ ఇంటికి రాలేదు. మీ నాయన పనిచేసే చోటు వెతుక్కుంటూ పోయాను.

నీ ఉత్తరం ఆయన చేతికిచ్చి వచ్చేద్దామనుకున్నాను. ఆయనకు చదువు రాదని అక్కడికి పోయాక గుర్తొచ్చింది. ఇసుక కుప్ప పక్కన నిలబడి నేనే చదవాల్సి వచ్చింది. నీ మాటలు నా నోటితో. గుడ్డ ఉతుక్కున్న చోట ఆగాను. చదువప్పా అన్నాడు. చెవిటివాడిగా అరవై ఏళ్లు అని రాశావే, అక్కడ మళ్లీ ఆగాను. మళ్లీ చదవమన్నాడు. చేతిలో తాపీ అలాగే ఉంది, సిమెంటు గట్టిపడిపోయింది.

ఆ తాపీని ఇసుకలో గుచ్చి అన్నాడు. "నేను పిల్సినప్పుడు పలక్కపోతే పోనీలేప్పా, దగ్గరికి పోయి ముట్టి పిలుసుకుంటా. ముట్టుకునేదానికి మడిసి ఉండల్ల గదా."

నన్ను తిట్టు. మీ వాళ్లతో కూడా తిట్టించు. నాకు సంగీతం కన్నా నువ్వు ఎక్కువ అని రాస్తే నీకు నవ్వొస్తుంది, అయినా రాస్తున్నాను. టికెట్లు రెండూ ఇందులోనే ఉన్నాయి. నేను రాను. నా మొహం చూస్తూ ఆ కచేరీలో నువ్వు కూర్చోలేవు.

మునికృష్ణ

*

చిత్తూరు,
1-5-1977

మునికృష్ణకు,

రెండు నెలలు నీకు ఉత్తరం వేయలేదు. రాసినవి చింపేశాను. నిన్ను క్షమించానని చెప్పడానికి ఇప్పుడూ కూర్చోలేదు. ఆ సంగతి నాకే ఇంకా తెలియదు.

సూదులు పూర్తయ్యాయి. నాయన పనికి ఆలస్యమవుతున్నా రోజూ లోపలికి వచ్చి, నర్సు సూది దించేదాకా నా భుజం పట్టుకుని నిలబడేవాడు. మార్చి నెలాఖరుకు గిటారు మొత్తం వినపడకుండా పోయింది. తర్వాత మనుషుల గొంతులు పోయాయి. చివరికి మిగిలింది మా వీధిలో పోయే లారీల మోత. అదీ ఏప్రిల్ రెండో వారంలో పోయింది. కీచురాయి మాత్రం పోలేదు. రక్తం పడడం ఆగింది. బతుకుతానని డాక్టరుగారు పలక మీద రాసి చూపించారు. మా అమ్మ ఆయన కాళ్ల మీద పడబోయింది. నాకు ఏమీ అనిపించలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నీకు ఆ ఉత్తరం ఎందుకు రాశానని ఈ రెండు నెలలూ ఆలోచించాను. టికెట్ల కోసమైతే కార్డు ముక్క చాలు. రక్తం సంగతి, పదకొండు రోజుల సంగతి రాయనక్కర్లేదు. నువ్వు నోరు మూసుకుని కూర్చునేవాడివి కాదని నాకు తెలుసు. తెలిసే రాసినట్టున్నాను. బస్టాండులో కూర్చున్న ఆ పదకొండు రోజులూ ఎవరైనా వచ్చి రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోతే బాగుండునని ఉండేది. ఆ పాపిష్టి పని నీ మీద పెట్టాను. పెట్టి, చేసినందుకు నిన్నే తిట్టుకున్నాను.

కచేరీకి పోయాను. నవ్వకు. టికెట్లను పొయ్యిలో పెట్టబోతే నాయన లాక్కుని, బట్టలు మార్చుకోమని సైగ చేశాడు. తిరుపతి దాకా తోడు వచ్చాడు గానీ లోపలికి మాత్రం రాలేదు. రెండో టికెట్టు నీదని వేలితో గాలిలో నీ ఊరివైపు చూపించాడు. గేటు బయట శనక్కాయలు కొనుక్కుని కూర్చున్నాడు.

మూడో వరుస. ఎంత దగ్గరంటే సెల్వరాజ్ చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. మనం అనుకున్నంత పొడుగు కాడు, బట్టతల. మొదటి అరగంట నరకం. వేలమంది ఊగుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, నేను అద్దాల కొట్టు బయట నిలబడినట్టు చూస్తున్నాను. లేచిపోదామనుకునేసరికి ఆయన రెండో వైపు మూడో పాట ఎత్తుకున్నాడు. వేళ్లు చూసి పోల్చుకున్నాను. ఆ పాటలో ఏ వేలు గిటారు మెడ మీది ఏ మెట్టు దగ్గర పడాలో నాకు నిద్రలో కూడా తెలుసు. చూస్తూ కూర్చున్నాను. వేళ్లు ఎటు పోతే అటు నా తలలో పాట నడిచింది.

అప్పుడు జరిగిందది. చిటికెనవేలితో పాకి పట్టే ఆ పట్టు దగ్గర ఆయన తప్పాడు. పన్నెండో మెట్టు మీద ఆగాల్సిన వేలు పదకొండు మీద ఆగింది. రెప్పపాటు. వెంటనే పైకి జార్చి, అదేదో కావాలనే చేసినట్టు నవ్వాడు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. చెవులున్న అన్ని వేలమందిలో ఒక్కడూ పట్టుకోలేదు. నేను పట్టుకున్నాను.

"సూసినావా మునికృష్ణా, తప్పినాడు!" అని పక్కకు తిరిగి మోచేత్తో పొడిచాను. ఇనుప కుర్చీకి తగిలింది. ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు, ముందు వరుసల వాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు. ఒకాయన పెదాల మీద వేలు పెట్టాడు.

చెవులు పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు. ఆ ఖాళీ కుర్చీ చూసి ఏడ్చాను.

వచ్చే ఆదివారం రా. నీ మీద కోపం ఉంది, కూర్చోబెట్టి తిడతాను. తర్వాత ఆ తప్పు ఎలా పడిందో మెట్టు మెట్టుకూ చూపిస్తాను. ఈ మాట ఇంకెవరికి చెప్పినా, చెవిటివాడివి, నీకేం తెలుసు అంటారు.

ఎదురుచూస్తూ,
జయరావు