మైనస్ 734 మందికి మంగళవారం డాక్టరు

ప్రాంతీయ ఆరోగ్య పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

డోల్నో చెరెషోవో గ్రామ కాపురస్తుడు, విశ్రాంత కరెంటు మీటరు రీడరు స్తమెన్ కర్పాచెవ్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా గ్రామస్థులు చనిపోలేదనియు, అందుచేత మంగళవారపు డాక్టరును తిరిగి పంపవలెననియు మనవి.

అయ్యా,

పైన కనబరచిన నేను, బతికుండి, స్వహస్తముతో విన్నవించునది ఏమనగా:

1. తమ కార్యాలయము వారు గ్రామాల వారీ మరణాల లెక్కలను రెండేళ్లు ఆలస్యముగా, అదియు ముద్ర వేసిన కాగితమును వంకరగా ఫొటో తీసి ప్రకటించుచున్నారు. ఆ వంకర కాగితాలతో విసిగిన ప్లోవ్‌దివ్ వాసి రదొస్తీనా గారు "బల్గేరియా ఆరోగ్య పటం" అను ఓపెన్ సోర్స్ వెబ్ యాప్ తయారుచేసినారు. దాని కోడ్ ఎవరైనను చూడవచ్చును, మార్పులు గాని తమ ఊరి అంకెలు గాని పంపవచ్చును. ఆమె పరిశీలించి కలుపుదురు. జీతము లేదు. రిటైరై గోళ్లు గిల్లుకొనుచున్న నాకు అటువంటి పనే కావలసియుండెను.

2. మా ఊరిలో ఎవరు పోయినను ఫొటోతో చావు కాగితము అచ్చు వేయించి ఇంటి తలుపు, బస్టాపు, రొట్టెల కొట్టు, చర్చి, కరెంటు స్తంభము, ఈ ఐదు చోట్లా అంటించుదురు. నలభయ్యో రోజున, ఆరో నెలలో, ఏడాదికి మరల కొత్తవి. పాతవి ఎవరూ చింపరు, వాన చింపవలసినదే. నేను ప్రతి నెల ఒకటో తేదీన ఊరంతా తిరిగి ఆ కాగితాలు లెక్కపెట్టి, వచ్చిన అంకెను పటమునకు పంపితిని. పేర్లు చదవలేదు. మీటరు చూసేవాడికి ఇంటివాళ్ల పేర్లతో పనేమిటి?

3. ముప్పై ఒక్క ఏళ్లు నా ఉద్యోగమంతా ఒకటే: ఈ నెల అంకెలోంచి పోయిన నెల అంకె తీసివేయుట. సరిగ్గా ఆ తీసివేతనే మరచితిని. గోడ మీది పాత చావు నెలనెలా కొత్త చావైనది. ఏడాది తిరిగేసరికి 412 మంది ఉన్న ఊళ్లో 1,146 మంది చనిపోయిరి. చావులు పెరిగేకొద్దీ నల్లబడే ఆ పటంలో మా ఊరు కాటుక రంగుకు వచ్చింది. అక్కడ అంతా క్షేమమేనా అని రదొస్తీనా గారు అడిగితే, ముసలివాళ్ల ఊరమ్మా, అంతేనని దబాయించాను. తప్పు నాదే.

4. అయితే తమ తప్పు తమరిది. సొంత లెక్కలు అందుబాటులో లేక తమరు ఆ పటమే చూసి, "లబ్ధిదారుల సంఖ్య మైనస్ 734 గా ఉన్నందున మంగళవారపు వైద్యసేవ నిలిపివేయడమైనది" అని ఉత్తర్వు పంపారు. కింద తమ సంతకం ఉంది. మైనస్ మనుషులు ఎలా ఉంటారని అక్కడ ఒక్కరికైనా అనుమానం రాలేదా?

నేను కాగితాలు లెక్కపెట్టడం ఊరంతా చూసిందే గనుక, ఉత్తర్వు వచ్చిన గంటకే పక్కింటి వసీల్కా మా గుమ్మంలో నిలబడింది. ఆమె భర్త ఇలియా నిరుడు పోయాడు.

"ఆయన ఒక్కసారి పోతేనే తట్టుకోలేకపోయాను. నువ్వెన్నిసార్లు చంపావయ్యా?" అంది.

లెక్క తీసి చెప్పాను: డెబ్బై మూడు. రకియా సారా పోసిస్తే తాగింది గానీ నన్ను క్షమించలేదు.

5. ఆ రోజే దిద్ది పంపాను. అసలు మరణాలు తొమ్మిది. మూడు గంటల్లో రదొస్తీనా గారు కలిపేశారు. పొరపాటు ఎవరిదో, ఎలా జరిగిందో నా పేరుతో సహా లోకమంతా చదివేలా నా చేతే రాయించారు. సిగ్గేసింది, పని మాత్రం అయింది. తమ కార్యాలయంలో అదే పనికి ముప్పై ఏడు రోజులైంది. పటంలో దిద్దితే ఫైల్లో దిద్దినట్టు కాదట. బతికున్నట్టు మనిషికో డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నాడు తమ గుమాస్తా. ఏ డాక్టరని అడిగాను.

"మీ ఊరికి మంగళవారం వచ్చే ఆయనేనండీ," అన్నాడు.

6. నా భార్య త్సోంకా గుండెకు మాత్రలు వేసుకుంటుంది. చీటీ రాసేది మంగళవారం డాక్టరే. పట్నంలో డాక్టరు, మీ ఊరు మా జాబితాలో లేదని తిప్పి పంపేశాడు. ఈ పొద్దున కాఫీ దగ్గర ఆవిడ డబ్బా నా ముందు పెట్టింది.

"లేని చావులన్నీ లెక్కపెట్టావు కదా. ఉన్న మాత్రలు లెక్కపెట్టు," అంది.

పదకొండు. రెండుసార్లు లెక్కపెట్టాను. నాకు భయంగా ఉందండీ. ఈ సంగతి ఏ గడిలో నింపాలో తెలియక ఆరో నంబరు కింద రాస్తున్నాను.

కావున తమరు పెద్ద మనసుతో చిత్తగించవలెను. అది వీలుపడనిచో కనీసము తీసివేయవలెను: 412 లోంచి 9. వచ్చే 403 మందిమీ మంగళవారం డాక్టరు గది ముందు వరుసలో ఉంటాం.

తమ విధేయుడు,
స్తమెన్ కర్పాచెవ్ (ప్లస్ ఒకటి)

తా.క.: డాక్టరు రాక ఆగి వచ్చే మంగళవారానికి నలభై రోజులు. ఆచారం ప్రకారం ఆయన గది పేరిట చావు కాగితాలు అచ్చు వేయించాను. ఫొటో చోట తాళం వేసిన తలుపు ఉంటుంది. ఆ పొద్దున ఎనిమిది లోపు ఆయన కారు రాకపోతే ఐదు చోట్లా అంటిస్తాను. ఐదోది మాత్రం కరెంటు స్తంభానికి బదులు తమ కార్యాలయం తలుపు. తమ సిబ్బంది లెక్కపెట్టేటప్పుడు ఐదింటినీ ఒకటిగానే రాసుకోమని మనవి. ఆ కాగితం చూసి త్సోంకా, తన చావు కాగితం మీద నీలం కోటు ఫొటో వేయొద్దంది, అందులో లావుగా కనిపిస్తుందట. నీ ఫొటో అవసరం పడదులే అన్నాను. పటానికి చెప్పిన అబద్ధం మూడు గంటల్లో దిద్దుకున్నాను. ఆవిడకు చెప్పిన ఈ మాట అబద్ధమైతే దిద్దడం నా చేతిలో లేదు.