చెక్క నేల మీద తివాచీ

ఒంగోలు, శుక్రవారం రాత్రి

కోపం తగ్గడం లేదు. కొత్త సంగీతశాలలో చెప్పులు విడిచి నడిచేవారి అరికాళ్ళకు డప్పు అదురు తెలియాలని, అడుగున ఖాళీ వదిలి చెక్క నేల వేయించాను. ఈ రోజు వెళ్ళేసరికి దాని మీద మందపాటి ఎర్ర తివాచీ జిగురుతో అంటించి ఉంది.

“మంత్రిగారొచ్చే చోటండీ, బోసి చెక్క మీద నడిపిస్తామా?” అన్నారు కమిటీ అధ్యక్షులు.

“అది వినడానికి వేసిన నేలండీ.”

“కాళ్ళతో ఎవరు వింటారండీ?” అని నవ్వారు.

పుట్టుకతోనే వినపడని మేరీ టీచరు వింటారు. పోయిన నెల ఆ చెక్క మీద నిలబడి, దరువు తప్పకుండా వేళ్ళతో చూపించారు. ఈ రోజూ గుమ్మంలో చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని తివాచీ మీద నిలబడ్డారు. చాలాసేపటికి, డప్పు ఎప్పుడు మొదలుపెడతారని నన్ను సైగతో అడిగారు. అప్పటికే ఆమె వెనకాల డప్పు హోరెత్తుతోంది.

జిగురు ఇంకా ఆరలేదు. రేపు పొద్దున్నే నేనే వెళ్ళి తివాచీ ఊడదీస్తాను. అధ్యక్షులు అడ్డొస్తే, డప్పు ఎప్పుడు మొదలవుతుందో టీచరుగారికి ఆయన్నే చెప్పమంటాను.