ఎండలో వచ్చిన వరద

1955 శ్రావణం, సోమవారం. గౌలిపుర.

అమ్మ దినాలకు తమ్ముడు మల్లయ్య రాలేదు. ఏళ్లు గడిచినా అది నాకు మింగుడు పడలేదు. వట్టిపోయిన బర్రెలను మేపడానికి నల్లమలకు తోలుకుపోయి, కృష్ణ అవతలే ఉండిపోయాడు. వరద వచ్చింది, నది దాటించే పుట్టి నడవడం లేదని కబురు పంపాడు. అమ్మ పోయిన ఆ శ్రావణంలో ఇక్కడ చుక్క వాన లేదు. అబద్ధాలకోరని నలుగురిలో అన్నాను. ఇంటికి రావద్దని ఒక మనిషితో చెప్పి పంపాను.

ఈ రోజు అల్లుడు రాయచూరు నుంచి వచ్చాడు. కృష్ణ రైలు వంతెన దగ్గర అతనికి కాపలా పని.

"వంతెన కింద మస్తు నీళ్లున్నయ్ మామా."

"వానేది? ఎండ మండుతున్నది గదా."

"గా నీళ్లు మనయి కావు. పడమట కృష్ణ పుట్టే సహ్యాద్రి కొండలున్నయ్. సముద్రం మబ్బులు గాడనే ఆగి కురుస్తయ్. మనకు వాన రాదు, వరదొస్తది."

అన్నం సగంలోనే లేచాను.

"ఏంది మామా, కూర మంచిగ లేదా?"

ఆనాడు మల్లయ్య నిజమే చెప్పాడు. నా మాట మోసుకుపోయిన మనిషి కూడా ఇప్పుడు లేడు, ఆ మాట వెనక్కి తెప్పించుకోవడానికి.

సరే మల్లయ్యా, వరద మాట ఒప్పుకున్నాను. మరి వరద తగ్గాక మాఘంలో పుట్టి నడుస్తుంది కదా. ఒక్కసారి వచ్చి నా ముఖం మీదే తిట్టిపోవాల్సింది. ఎందుకు రాలేదురా? రేపు అల్లుడితో నల్లమలకు ఇదే కబురు పంపుతాను. దీపావళికల్లా నాకు జవాబు కావాలి.