ట్రాన్స్‌ఫార్మర్ నూనె

మంగళవారం, రాత్రి

"మందు అలవాటుందా?" అని డాక్టరు మూడోసారి అడిగేసరికి నా భార్య సుగుణకు కోపం వచ్చింది. "చర్చిల పాటలు పాడేదాన్ని సార్, తాగుడేంది?" అంది. మరి లివర్ ఎందుకు వాచిందో ఆయనకు అంతుపట్టలేదు. నాటుమందులేమైనా వాడుతున్నారా అన్నాడు. "మోకాళ్లకు నూనె రాయించుకుంట, గంతే. మా ఆయన సబ్‌స్టేషన్ నుంచి తెస్తడు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో ఒక విషం ఉండొచ్చట. చర్మం గుండా లోపలికి పోయి కొవ్వులో ఏళ్ల తరబడి ఉండిపోతుందట, లివర్‌ను పాడుచేస్తుందట. దానివల్లేనని ఇప్పుడే చెప్పలేను, ముందు అది మానేయండి అన్నాడు. మానేస్తే లోపలున్నది పోతుందా అని అడిగితే, తొందరగా పోదన్నాడు.

పదేళ్లుగా రోజూ ఆ నూనె వేడిచేసి రాసింది నేనే. మా లైన్‌మన్లందరి ఇళ్లలోనూ నొప్పులకు అదే మందు. మిగిలినది ఎక్కడ పారబోయాలో కూడా తోచడం లేదు. మోరీలో పోస్తే కాప్రా చెరువుకే పోతుంది.

సాయంత్రం పక్కింటి రాహేలమ్మ ఖాళీ సీసాతో వచ్చింది. ఆమెకు అలవాటు చేసిందీ నేనే. "అన్నా, నూనె అయిపాయె. జెర పోస్తవా?" అంది. నిజం చెబుదామనే నోరు తెరిచాను. "స్టాకు లేదమ్మా" అన్నాను.

"ఫర్వాలేదు, వచ్చినప్పుడే పొయ్యి" అని సీసా మా గడప దగ్గర పెట్టి, మోకాలు పట్టుకుని మెట్లు దిగింది.

ఇప్పటికి రెండుసార్లు లేచి చూశాను. సీసా అక్కడే ఉంది.