తెర మీద ఆగిన రెప్పపాటు

సువా, మంగళవారం

అమ్మా,

నేను కులాసా. నాన్న మీద అలక మానెయ్. గాలివాన రోజు పడవలోంచి రేడియోలో ఇంటికి పిలిచానని ఆయనన్నది నిజమే. మీరు పంపిన ఆ పడవ రేడియోను మా రిపేరు షాపులో కొత్త ఆసిలోస్కోపుకు, అదే కరెంటు నడకను తెర మీద చూపే యంత్రానికి, తగిలించాం. మాట్లాడే మీట నొక్కితే ఒక్కోసారి కరెంటు రెప్పపాటు తెగుతోంది, పిలుపు బయటికి పోవడం లేదు. కంటికి ఆనని ఆ రెప్పపాటును స్కోపు పట్టుకుని, గీత గీసి, తెర మీద ఆపి, పెద్దది చేసి మరీ చూపించింది. దానికి దండం పెట్టాలనిపించింది. రేడియోకి కరెంటు వచ్చే ప్లగ్గు విప్పితే లోపలంతా కొబ్బరినూనె జిడ్డు, కరెంటుకు అదే అడ్డం. "రేడియోకి కూడా తలంటు పోస్తారా మీ ఊళ్లో?" అన్నాడు మా షాపు పెద్దాయన వాటిసోని.

తమ్ముడి కాలి పుండు మానిందా? శుక్రవారం ఓడలో రేడియో వస్తుంది, తిరుగు ఓడలో చామదుంపలు పంపు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

తుప్పు పట్టకూడదని ఆ నూనె రాసిందెవరో నాన్నకు నేను చెప్పను. నువ్వే చెప్పు.

నీ మెరెయోని