నీ సంతకం దాకా చదివిన

ములకలపల్లి మండలం,
జూన్ 22

ప్రియమైన అన్నకు,

వదిన, నువ్వు మంచిగున్నరని అనుకుంటున్న. నేను ఇక్కడ సబ్ సెంటర్‌ల ఏఎన్ఎంగా చేరి మూడు వారాలైంది. సిగ్నల్ కోసం గుట్టెక్కాలె, ఎక్కినా సగం మాటే వినిపిస్తది. అందుకే ఉత్తరం రాస్తున్న.

ఇక్కడ పగిడయ్య అని ఒకాయన ఉన్నడు. మీ ఖానాపురం హవేలి చర్చిల నాలుగేండ్లు వాచ్‌మన్‌గ చేసిండంట. నేను నీ చెల్లెనని తెలిసి చాలాసేపు నా మొఖమే చూసిండు. "సారు మంచిగున్నడా?" అన్నడు, అంతే. ఎందుకొచ్చేసినవంటే తల దించుకున్నడు.

ఆదివారం పొద్దున వాళ్ళ వాకిట్ల ఏడెనిమిది మంది కూసుంటరు. మైకు లేదు, పాటల పుస్తకం లేదు. పగిడయ్యకు చదువు రాదు. గుర్తున్న రెండు మూడు బైబిల్ కథలే కోయ భాషల చెప్తడు. తర్వాత ఎవరింట్ల ఏం కష్టముందో అడుగుతడు. పోయిన వారం ఒకామెకు జ్వరమని తెలిసింది. ప్రార్థన చేసి, అందరు లేచి ఆమె చేన్ల గింజలు పెట్టనీకి పోయిండ్రు. చిన్నప్పటి సంది చర్చికి పోతున్న గానీ గిట్ల నేనెప్పుడు చూడలే.

ఆయన సంగతి నీకేమన్న తెలిస్తే రాయి.

నీ చెల్లె,
శ్యామల


ఖానాపురం హవేలి, ఖమ్మం,
జులై 5

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు శ్యామలకు,

అన్న ప్రభాకర్ ఆశీర్వదించి వ్రాయునది. నీ లేఖ అందినది. జిల్లా బైబిల్ వాక్య పోటీల్లో ఈసారీ మొదటి బహుమతి నాకే వచ్చింది. మీ వదిన స్త్రీల కూటమికి ఉపాధ్యక్షురాలైంది. అంతా దేవుని కృప.

ఇక పగిడయ్య విషయం. అమాయకుడే గానీ సిద్ధాంత జ్ఞానం శూన్యం. సంఘ సెక్రటరీగా బాప్తిస్మ పరీక్షలో రెండుసార్లు నేనే ఆపాను. విశ్వాస ప్రమాణంలో నాలుగు మాటలు కూడా అప్పజెప్పలేకపోయాడు. అలాంటివాడు నలుగురికి బోధించడం ప్రమాదకరం. ప్రశ్నలు జవాబుల పుస్తకాలు పది పంపుతున్నాను, వారిచేత కంఠస్థం చేయించు.

చర్చిలో కొన్ని ఇబ్బందుల వల్ల అతను వెళ్ళిపోవలసి వచ్చింది. పాత సంగతులు తవ్వకు. నీ ఉద్యోగం నువ్వు చూసుకో.

ప్రభువు సేవలో,
నీ అన్న ప్రభాకర్


ఆగస్టు 19

ప్రియమైన అన్నకు,

పుస్తకాలు అందినయ్. ఇంకా కట్ట విప్పలే.

పోయిన మంగళవారం వాగు పొంగింది. అదే పొద్దు రామ్‌సింగ్ భార్యకు నొప్పులొచ్చినయ్, బిడ్డ అడ్డం తిరిగింది. ఈ రామ్‌సింగే ఎండకాలంల పగిడయ్యను పదిమందిల దొంగ అన్నడంట, వాళ్ళ బాయి కాడికి కూడా రానియ్యలేదంట. ఆ పొద్దు ఆమెను మంచం మీద వాగు దాటించనీకి నాలుగో మనిషి దొరకలే. పగిడయ్య ఎవ్వరు పిలవకముందే వచ్చి మంచం ముందు కోడు పట్టుకున్నడు. ఛాతి దాక నీళ్ళు. అవతలి ఒడ్డుకు అంబులెన్స్ వచ్చింది. తల్లి, పిల్ల బతికిండ్రు.

తిరిగొచ్చినంక పగిడయ్య భార్య భీమక్కను అడిగిన, ఈ దొంగ అనే మాట ఎక్కడిదని. ఆమె లోపలికి పోయి మడతపెట్టిన కాగితం తెచ్చింది. "ఇది సదువు తల్లీ. అయ్యగార్లు ఇచ్చిండ్రు. ఇందుల ఏమున్నదో మాకెవ్వరు సదివి చెప్పలే. బిడ్డకు సూపియ్యనీకి ఆయన ఒప్పుకోలే."

చదివిన. చర్చిల ఆంప్లిఫయర్, మైకులు పోయినయని, అనుమానం పగిడయ్య మీదనే ఉందని, పని నుంచి తీసేస్తున్నమని. బిడ్డ సమ్మక్క చర్చి హాస్టల్ ఖాళీ చెయ్యాలని. పదో తరగతి పాసై, ఇంటర్ మొదటేడు పూర్తిచేసిన పిల్ల అన్నా.

నీ సంతకం దాకా చదివిన. అక్కడ ఆగిన.

"కింద ఎవల పేరుంది?" అని అడిగింది భీమక్క. సిరా చెరిగిపోయింది, కనపడ్తలేదని చెప్పిన. అబద్ధం ఆడిన.

అన్నా, పగిడయ్యనే తీసిండా? నీకు నిజంగ తెలుసా? తెలిస్తే రాయి. తెల్వకపోయినా రాయి.

శ్యామల


అక్టోబర్ 3

చెల్లే,

నీ ఉత్తరం ఆరు వారాల సంది బీరువాల ఉంది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేసిన. ప్రతిసారి ఒక బైబిల్ వాక్యంతోనే మొదలైంది. వాక్యం వెనక దాక్కునుడు నాకు బాగ అలవాటు.

పగిడయ్య తియ్యలే.

ఈస్టర్‌కు ముందు శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీస్ అయినంక సామాన్ల గదికి తాళం వెయ్యాల్సింది నేను. ఫోనొచ్చింది, మాట్లాడుకుంట బండెక్కిన. తెల్లారి అందరికంటే ముందు వచ్చి చూస్తే తాళంచెవి తాళానికే వేలాడుతున్నది. లోపల ఆంప్లిఫయర్ లేదు. నేను తాళంచెవి తీసి జేబుల వేసుకున్న.

కమిటీ కూసున్నది. "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని ప్రెసిడెంట్ బసవపున్నయ్య గారు అడిగిండు. "నా జేబులోనే ఉంది సార్" అన్న. అది అబద్ధం కాదు. అబద్ధం కాదని ఇన్ని నెలల సంది నాకు నేనే చెప్పుకుంటున్న. తాళంచెవి నా దగ్గరుంటే మారు తాళంచెవితోని తలుపు తీసింది కాపలా ఉన్నోడే అని వాళ్ళంతట వాళ్ళే అనుకున్నరు. ఎవరో పగిడయ్యను చెంప మీద కొట్టిండు. నేను వద్దనలే. ఆ నెలలనే కమిటీ ఎన్నికలున్నయ్, నేను మళ్ళీ సెక్రటరీ కావాలె. ఆ కాగితం రాసింది నేనే.

పోయిన ఆదివారం అబద్ధ సాక్ష్యం మీద సందేశం నాకే ఇచ్చిండ్రు. మంచిగ చెప్పిన. అందరు వచ్చి చెయ్యి కలిపిండ్రు. ఇంటికొచ్చి అన్నం పళ్ళెం పక్కకు జరిపిన. మీ వదినకు అంత చెప్పేసిన. ఆమె ఏడ్వలే, తిట్టలే. "నాకు చెప్తే ఏమొస్తది? చెప్పాల్సినోళ్ళు వేరే ఉన్నరు" అన్నది.

వాళ్ళకు నువ్వు చెప్పకు. నేనే వచ్చి చెప్త.

అన్న


నవంబర్ 9

అన్నా,

నువ్వొస్తనన్న మాట మీద నేను నోరు మూసుకున్న. ఐదు వారాలైంది.

సమ్మక్క ఇక్కడి ఆసామి ఆదినారాయణ గారి చేన్ల పత్తి ఏరనీకి పోతున్నది. నిన్న వేలు చీరుకుంటే కట్టు కట్టిన. "మేడమ్, నర్సు కావాల్నంటే ఎన్నేండ్లు చదవాలె?" అని అడిగింది. చెప్పిన. పత్తి సంచి భుజాన వేసుకొని పోయింది.

రోజు వాళ్ళ వాకిలి ముందర నుంచే పోవాలె. పిలిచి మంచినీళ్ళిస్తరు. ఈ నెలాఖరు దాక చూస్త. తర్వాత నేనే చెప్పేస్త, నువ్వు నా అన్నవైనా సరే.

శ్యామల


నవంబర్ 30, ఆదివారం

చెల్లే,

నువ్వు ట్రైనింగ్‌కు కొత్తగూడెం పోయినవని ఇక్కడికొచ్చినంక తెలిసింది. నీ గది ముందర అరుగు మీద కూసొని రాస్తున్న.

పోయిన ఆదివారం చర్చిల ప్రకటనలు చదివేటప్పుడు చెప్పిన. తాళం సంగతి, జేబు సంగతి, కాగితం సంగతి. తర్వాత బసవపున్నయ్య గారు పక్కకు పిలిచి, "లోపల మాకు చెప్తే సరిపోయేది కదా ప్రభాకర్, మైకుల ఎందుకు? చర్చి పేరు ఏంగావాలె?" అన్నడు. సెక్రటరీ పని వదిలేసిన. పగిడయ్య దొంగ కాదని కాగితం రాసి కమిటీల తిప్పిన. పదకొండు మందిల ఐదుగురే సంతకం పెట్టిండ్రు.

ఇయ్యాల పాల్వంచల బస్సు మారి వచ్చేసరికి వాళ్ళ వాకిట్ల అందరు కూసోనున్నరు. రామ్‌సింగ్ కూడ పిల్లను ఒళ్ళో పెట్టుకొని ఉన్నడు. పగిడయ్య లేచి నాకు పీట వేసిండు. కూసోలే. నిలబడే అంత చెప్పిన.

పగిడయ్య చివరిదాక విని, "నాకు తెల్సు సారు" అన్నడు.

నాకు అర్థం కాలే.

"ఆ పొద్దు నేను ఎనక వరండ ఊడుస్తున్న. మీరు తాళంచెవి తీసి జేబుల ఏసుకునుడు సూసిన."

"మరెందుకు చెప్పలే?"

"మీరే చెప్తరనుకున్న సారు. దెబ్బ పడ్డప్పుడు, ఇగ చెప్తరనుకున్న. కాగితం ఇచ్చినప్పుడు అనుకున్న. బస్సు కదిలేదాక గేటు దిక్కే సూసిన. ఇంటికొచ్చినంక మస్తు కోపమొచ్చింది. నెల రోజులు దేవునితోని మాట్లాడలే. ఆయనకు అంత తెల్సి కూడ ఊకున్నడు గదా అని. తర్వాత ఏమైందో గానీ, మీ పేరు పెట్టి అడుగుడు మొదలువెట్టిన. సారుతోని చెప్పించు తండ్రీ అని. మీ చెల్లెమ్మ అడిగిన పొద్దు కూడ నోటిదాక వచ్చింది. సారే చెప్తడులే అని ఆగిన."

నేను రెండుసార్లు పరీక్షల తప్పించిన మనిషి, చెల్లే. నేను నా మీద పెట్టుకోని నమ్మకం ఆయన పెట్టుకున్నడు.

భీమక్క మాత్రం ఊకోలే. "ఆయన ఓపిక ఆయనది. నా బిడ్డ సదువు ఆగింది. దానికేమంటవ్ సారు?" అన్నది. మళ్ళ హాస్టల్‌కు రమ్మన్న. సమ్మక్క మా హాస్టల్ గడప తొక్కనన్నది. పాల్వంచ కాలేజీల శుక్రవారమే అడిగిన, జూన్‌ల తీసుకుంటమన్నరని చెప్పిన. భీమక్క అవ్ అనలే, కాదనలే. సమ్మక్క మాత్రం కాలేజీ పేరు రెండోసారి అడిగింది. సిరా చెరిగిందని నువ్వన్న మాట నేనెత్తలే. అది నువ్వే చెప్పుకోవాలె.

చివరికి పగిడయ్య, "సారు, ఇయ్యాల మీరు ప్రార్థన చెయ్యండ్రి" అన్నడు. కండ్లు మూసుకున్న. ముప్పై ఏండ్ల సంది కంఠస్థం చేసిన మాటల్ల ఒక్కటి నోటికి రాలే. "తండ్రీ, తప్పు చేసిన" అన్న. ఇంకేం దొరకలే. వాళ్ళు నా కోసం ఆగే ఉన్నరు.

అందరు ఆమేన్ అన్నరు. భీమక్క అనలే. లేచి లోపలికి పోయి, అందరితోపాటు నాకు కూడ విస్తరి వేసింది. తిన్న, తల ఎత్తకుండ.

నీ అన్న,
ప్రభాకర్